తెలుసు కానీ చెప్పను

నాన్నా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి ఫోన్లో, రెండోసారి మావారు ప్రింటు తీయించుకొస్తే కాగితం మీద. (మా తరానికి కాగితం మీద చూస్తేగానీ కథ చదివినట్టుండదు, నవ్వుకో.) "మేడమ్, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి చెప్తున్నాను, చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో, రెండు లైన్లు కలిసే చోట, ఊళ్ళో అందరి ఆలోచనలూ అందరికీ అందడం మొదలై, జనం మెట్ల మీద ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి, మీ హీరో కళ్ళు మూసుకుని అనుకుంటాడు: "ఇక నేను లేను."

లేను. ఆ చివర 'ను' ఎక్కడిది నాన్నా?

వాడు నిజంగా కరిగిపోయుంటే 'లేను' అనడానికి మిగలకూడదు కదా. 'లేదు' అనాలి, అది కూడా ఎవరో బయటివాళ్ళు అనాలి. నీ తప్పేం కాదిది, మాట్లాడేటప్పుడు మనం పట్టించుకోం గానీ తెలుగు క్రియ తన తోకకి మనిషిని కట్టుకుని తిరుగుతుంది. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నాం. 'నేను' అన్న మాట ఎక్కడా వాడకుండా పది పేజీలు రాసినా ప్రతి వాక్యం చివరా దొరికిపోతావు. ఇంకో రకం మాటలు చూడు. ఆకలేస్తోంది. భయమేస్తోంది. నిద్రొస్తోంది. గుర్తొచ్చింది. ఎవరికి? చెప్పదు. ముందు 'నాకు' అని తగిలిస్తే తప్ప ఆ ఆకలి ఎవరిదో వాక్యంలో లేదు. ఆకలి తనంతట తనే వస్తుంది, కాసేపుండి పోతుంది, మనం దానికి చిరునామా మాత్రమే. అన్నిటికన్నా విచిత్రం 'తెలుసు'. నాకు తెలుసు, నీకు తెలుసు, ఊరందరికీ తెలుసు. మాట మారదు, దానికి తోకే లేదు. అదే 'చెప్పను' అను, మనిషి వచ్చి కూర్చుంటాడు.

తెలుసు, కానీ చెప్పను. నీ కథ రాయాల్సింది ఈ రెండు క్రియల మధ్య ఉన్న జాగాలో అని నాకనిపిస్తుంది.

మనసులన్నీ కలిసిపోతే 'నేను' కరిగిపోతుందా అని కదా నీ ప్రశ్న. నా సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత నువ్వు కొట్టిపారేసుకో. ఒకరి అనుభవం ఇంకొకరికి తెలిసినంత మాత్రాన ఎవరూ కరిగిపోరు. చెయ్యడం, చెయ్యకపోవడం, దాచుకోవడం, ఇవి చేతుల్లోంచి పోతే మాత్రం అప్పుడు ఆలోచించాలి. వ్యాకరణం దీనికి రుజువు కాదులే, వ్యాకరణంతో ఏదైనా రుజువు చెయ్యొచ్చు. కానీ కథ రాసేవాళ్ళకి అది మంచి పనిముట్టు, ఇంట్లోనే ఉంది, డబ్బులు పెట్టి కొనక్కర్లేదు.

'టెలిపతి' అన్న మాటని 1882లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ మయర్స్ అనే ఆయన తయారుచేశాడు. గ్రీకులో 'టెలి' అంటే దూరం, 'పాథోస్' అంటే అనుభవం, బాధ. ఆలోచన కాదు చూడు, అనుభవం. నువ్వేమో కథంతా జనం ఒకళ్ళ వాక్యాలు ఒకళ్ళు వింటున్నట్టు రాశావు, పక్కింటి టీవీ గోడలోంచి వినిపించినట్టు, కర్త కర్మ క్రియలతో సహా. మనిషి బుర్రలో అంత శుభ్రమైన వాక్యాలు నడుస్తాయా? నా బుర్రలో అయితే ఇప్పుడు మోకాలి సలుపు, నీ కథ, స్టవ్ కట్టేశానా లేదా అన్న అనుమానం, చిన్నప్పటి ఏదో పాట తాలూకు సగం చరణం, అన్నీ ఒకేసారి ఉన్నాయి. అందులో వాక్యం ఒక్కటీ లేదు.

ఈ టెలిపతి వెనకాల పడి ఇంకేదో కనిపెట్టినాయన కథ ఒకటుంది. 1890లలో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే కుర్రాడు సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి, ఫిరంగి బండి చక్రం కింద నలగబోయి, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. అదే రోజు ఎక్కడో దూరాన ఇంట్లో ఉన్న తోబుట్టువుకి మనసు కీడు శంకించి, నాన్నని పోరి, టెలిగ్రామ్ ఇప్పించింది. ఆ టెలిగ్రామ్‌తో ఆ కుర్రాడి దారే మారిపోయింది. మెదడులోంచి మెదడులోకి ఏం వెళ్తుందో పట్టుకోవాలని వైద్యం చదివి, ఏళ్ల తరబడి గుట్టుగా ప్రయోగాలు చేసుకుని, 1924లో మనిషి మెదడులోని విద్యుత్ తరంగాల్ని మొదటిసారి నమోదుచేశాడు, 1929లో లోకానికి చెప్పాడు. ఫిట్స్ వచ్చినవాళ్ళకి ఆసుపత్రిలో తల మీద వైర్లు అంటించి తీసే ఈఈజీ అదే. వెతికింది మాత్రం దొరకలేదు, ఆ తరంగాలు పుర్రె దాటేసరికే నీరసించిపోతాయి, పక్కవాడి బుర్రదాకా ఎక్కడ వెళ్తాయి. ఈ మనిషంటే నాకు జాలీ ఉంది, ఇష్టమూ ఉంది.

సరే, పుర్రె దాటించే పని తర్వాత యంత్రాలు చేశాయి. 2013 ఆగస్టులో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాజేశ్ రావు అనే శాస్త్రవేత్త, మన కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్నాయనే, తలకి ఈఈజీ టోపీ పెట్టుకుని వీడియోగేమ్ ముందు కూర్చున్నాడు. ఫిరంగి పేల్చాల్సినప్పుడు చెయ్యి కదపకుండా, కదిపినట్టు ఊహించాడంతే. క్యాంపస్‌లో ఇంకో మూల గదిలో ఆండ్రియా స్టోకో అనే ఆయన తల మీద, మెదడుని బయటినుంచే తట్టే అయస్కాంతపు కాయిల్ పెట్టుకుని, తెర చూడకుండా కూర్చుని ఉన్నాడు. ఇక్కడ ఊహ, అక్కడ వేలు, కీబోర్డ్ మీద టక్కుమని పడింది. ఒకరి సంకల్పం ఇంకొకరి వేలిలోకి వెళ్ళిందన్నమాట. మరి స్టోకోకి ఎలా అనిపించింది? ఇంకో మనిషి తనలోకి వచ్చాడనా? అబ్బే. మన ప్రమేయం లేకుండా కండరం అదురుతుందే, అలా ఉందన్నాడు. కన్నదిరింది అంటాం చూడు, కన్ను అదిరించాను అనం కదా. అది 'వేలదిరింది', అంతే. మరుసటి ఏడాది, 2014లో, తిరువనంతపురంలో ఒకాయన చేతులూ కాళ్ళూ కదిపినట్టు ఊహిస్తే, అది సున్నాలూ ఒకట్లుగా మారి, ఇంటర్నెట్‌లో ఫ్రాన్స్ వెళ్ళి, స్ట్రాస్‌బర్గ్‌లో కూర్చున్న వాళ్ళకి కంటి ముందు వెలుగు మిణుకులుగా అందింది. వాటిని లెక్కపెట్టి కూడితే వచ్చిన మాట 'ఓలా', అంటే స్పానిష్‌లో నమస్కారం. కేరళ నుంచి ఫ్రాన్స్‌కి స్పానిష్ నమస్కారం, అదీ మిణుగురు పురుగుల్లా. ఇవి చిన్న విషయాలని నేననను. కానీ చూడు, అందినవాడికి అందింది ఎప్పుడూ ఒక అదురు, ఒక మెరుపు. దానికి అర్థం వాడే కట్టుకోవాలి. కట్టుకునేవాడు ఎక్కడికీ పోలేదు.

అంతకన్నా దగ్గరి కలయిక కావాలంటే, కెనడాలో 2006లో తలలు అతుక్కుని పుట్టిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్ళ మెదళ్ల లోపల, థాలమస్ అనే చోట, ఇద్దరికీ మధ్య నరాల వంతెన ఉంది. ఒకళ్ళు చూసింది ఇంకొకళ్ళకి తెలుస్తుందని వాళ్ళని దగ్గరగా చూసినవాళ్ళు చెప్పారు. పత్రికల్లో వచ్చిన ఒక సంగతి నన్ను వదలదు. ఒక పిల్లకి కెచప్ ఇష్టం, రెండో పిల్లకి గిట్టదు. ఇష్టమైన పిల్ల తింటూంటే, రెండో పిల్ల, నోట్లో ఏమీ లేకపోయినా, తన నాలుక మీంచి దాన్ని గీకేసుకోబోయిందట. రుచి వంతెన దాటింది, ఇష్టం దాటలేదు. (ఇక్కడ నా వ్యాకరణం కుంటుతుంది, ఒప్పుకుంటున్నా. 'నచ్చదు' తోకలో కూడా ఆ పిల్ల లేదు మరి. కానీ గీకేసుకుంది చూడు, అది ఆ పిల్ల చేసిన పని.)

ఇక మా ఇంటి సంగతి చెప్తాను, నిజానికి ఈ ఉత్తరం దీనికోసమే మొదలుపెట్టినట్టున్నాను.

1981లో పెళ్ళై నల్లకుంట ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మా తోడికోడలు అప్పటికే ఆ వంటింటి మహారాణి. నేను అక్కా అనేదాన్ని, ఇప్పటికీ అంతే. బావగారు ఈసీఐఎల్ వైపు సొంతిల్లు కట్టుకుని వెళ్ళేదాకా పధ్నాలుగేళ్ళు ఒకే వంటిల్లు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటు లేనంత. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు తెల్లారగట్ల వచ్చేవి, బిందెలు నింపుకుని ఆరింటికి పొయ్యి వెలిగిస్తే ఎనిమిదీ నలభైకి నేను బడికి పరుగెత్తాలి. ఆ రెండున్నర గంటల పైచిలుకులో మేమిద్దరం పది మాటలు కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు, అవసరం ఉండేది కాదు. నేను చెయ్యి చాపేసరికి గరిటె చేతిలో ఉండేది. నేను పప్పు వైపు చూసి అనుకునేలోపు ఆవిడ ఉప్పు డబ్బా జరిపేది. పోపులో ఇంగువ ఎంత వెయ్యాలో నేనెప్పుడూ చెప్పలేదు, ఆవిడ వేసేది, ఒక్క క్షణం నా వైపు చూసేది, చాలకపోతే ఇంకాస్త వేసేది. "అక్కకి నా మనసులో మాట తెలిసిపోతుంది" అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. అక్క నవ్వి ఊరుకునేది.

ఆవిడకి కొన్ని చాదస్తాలుండేవి. పాలు పొయ్యి మీద పెడితే ప్రళయమొచ్చినా అక్కణ్ణుంచి కదిలేది కాదు. మిగిలిన కూర పొద్దున తీస్తే గిన్నె నా ముందు పెట్టి "బావుందా చూడు" అనేది, తను చూడకుండా. రాత్రి పడుకునే ముందు ప్రతిరోజూ, పధ్నాలుగేళ్ళు ప్రతిరోజూ, "గ్యాసు వాసనేం రావట్లేదు కదా?" అని అడిగేది. ఈవిడకి భయం ఎక్కువ అనుకునేదాన్ని.

2021 మే నెలలో నాకు కరోనా వచ్చి వాసన పోయింది. జ్వరం తగ్గినా ముక్కు తిరిగి రాలేదు. కాఫీ వేడినీళ్ళలా ఉంది, మల్లెపూలు దూదిలా ఉన్నాయి. అక్కకి ఫోన్ చేసి ఏడ్చాను. అవతల కాసేపు ఏమీ లేదు, తర్వాత అక్క నవ్వడం మొదలుపెట్టింది.

"దానికి అంత ఏడుపెందుకే, నాకు ఎనిమిదో ఏటే పోయింది, జ్వరమొచ్చి."

నాకు అర్థం కాలేదు. "మరి ఇన్నాళ్ళూ ఎలా వండావక్కా?"

"నీ ముక్కుతో," అంది.

ఆవాలు చిటపటలాడే శబ్దాన్ని బట్టి పోపు, రంగుని బట్టి వేపుడు, నా ముఖాన్ని బట్టి ఇంగువ. నేను రాకముందు అత్తగారి ముఖాన్ని బట్టి. పెళ్ళిచూపుల్లో చెప్తే సంబంధం తప్పిపోతుందని వాళ్ళమ్మ చెప్పొద్దందట. తర్వాత ఎవరూ అడగలేదట. బావగారికి కూడా తెలీదు. నలభై ఏళ్లు!

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, ముక్కు గురించి కాదు. పధ్నాలుగేళ్ళు ఆ మనిషి నా ముక్కుని వాడుకుంటూంటే నాకు తెలియలేదు, ఆవిడకి నా మనసు తెలుసని మురిసిపోయాను తప్ప నాకు ఆవిడ మనసు తెలుసా అని ఒక్కసారి అనుకోలేదు. ఒకళ్ళ ఇంద్రియం ఇంకొకళ్ళు పంచుకోవడం అంటే ఇంతకన్నా ఏముంటుంది చెప్పు? వాసన నాది, వంట ఆవిడది. చేరాల్సిందంతా చేరింది, కానీ అక్క అక్కలాగే ఉంది, నేను నాలాగే ఉన్నాను. పైగా నా ముక్కుతో నాకే తెలియని పని చేసింది.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడు. 1981లోనే మా ఇద్దరి మధ్య నిజంగా టెలిపతి ఉందనుకో. పెళ్ళైన వారానికే నాకు తెలిసిపోయేది. నేను మంచిదాన్నే అనుకో, కానీ అయ్యో పాపం అనేదాన్ని, అనకపోయినా అనుకునేదాన్ని, అనుకుంటే చాలు కదా టెలిపతిలో, ఆవిడకి అందిపోయేది. మహారాణి కాస్తా జాలిపడాల్సిన మనిషి అయిపోయేది. అత్తగారు వంటిల్లు నాకప్పగించేవారు. అక్క కరిగిపోయేది కాదు నాన్నా, చితికిపోయేది. 'చెప్పను' అన్న ఒక్క క్రియ ఆవిడ చేతిలోంచి లాగేసుకున్నందుకు. నీ కథలో ఊరంతా ఒక్కసారిగా పారవశ్యంలో కరిగిపోతోంది, బాగానే ఉంది, కానీ ఆ మెట్ల మీద నిలబడ్డ జనంలో అక్కలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో, ఒక్క క్షణంలో వాళ్ళకేమైపోతుందో నువ్వు చూడలేదు. చూడాల్సింది అదే.

మన పాతవాళ్ళు దీని గురించి ఆలోచించలేదని కాదు. పతంజలి యోగసూత్రాల్లో విభూతిపాదంలో పరచిత్తజ్ఞానం అని వస్తుంది, ఎదుటివాడి మనసు తెలియడం, యోగికి వచ్చే సిద్ధుల్లో అదొకటి. అందరూ అక్కడిదాకా చెప్పి వదిలేస్తారు. దాని వెంటనే ఇంకో సూత్రముంది: "న చ తత్ సాలంబనం". ఆ తెలియడం ఆలంబనతో సహా కాదు అని. అంటే ఎదుటివాడి మనసు దేనిమీదో మోజు పడి ఉందని తెలుస్తుంది, దేని మీదో తెలియదు. ఎంత పదునుగా చూశారో! నీ మెట్రో మెట్ల మీద ఇది పెట్టి చూడు. ఒకడికి ఈఎంఐ భయం, ఒకమ్మాయికి స్కాన్ రిపోర్టు భయం, ఒక కుర్రాడికి గ్రూప్స్ రిజల్ట్ భయం. అందరికీ అందేది ఆ భయం మాత్రమే, గొంతులో ఒకే ఉండ, కారణాలు అందవు. భయమేస్తోంది. ఎవరికో తెలియదు, దేనికో తెలియదు. అప్పుడు ప్రతివాడూ ఆ భయానికి తన సొంత కారణం వెతుక్కుంటాడు. అమ్మకేమైనా అయిందా అని ఫోన్ తీస్తాడు. ఒకే భయం, మూడు వందల ఫోన్లు. ఇది రాశావంటే నీ కథ లేచి నిలబడుతుంది.

సంజయుణ్ణి కూడా మర్చిపోకు. మనం దివ్యదృష్టి అంటే యుద్ధం లైవ్‌లో చూడటం అనుకుంటాం. భీష్మపర్వంలో వ్యాసుడు ఇచ్చిన వరం అంతకంటే పెద్దది, మనసులో అనుకున్నది కూడా వీడికి తెలుస్తుంది అంటాడు. కురుక్షేత్రంలో అన్ని అక్షౌహిణుల మనసులు ఒక్కడి తలలోకి తెరుచుకున్నాయి. అయినా సంజయుడు సంజయుడుగానే ఉన్నాడు, ధృతరాష్ట్రుడి దగ్గర జీతం చేస్తూనే, ఆయన కొడుకు చావు చెప్తూనే, మధ్యలో ఇదంతా నీ వల్లే వచ్చిందని ఆయన్నే దెప్పుతాడు. అన్నీ తెలిసినవాడు, ఏది ముందు చెప్పాలో, ఎక్కడ ఆగాలో వాడే తేల్చుకున్నాడు. మన వృత్తిలో మూలపురుషుడు వాడే.

నీ వైపు కూడా వాదిస్తాను, లేకపోతే అన్యాయం. ఒక్క తలలోనే రెండు అర్ధగోళాలున్నాయి కదా, వాటి మధ్య సుమారు 20 కోట్ల నరాల పోగులతో ఒక వంతెన ఉంది. మూర్ఛరోగం తగ్గడానికి కొందరికి ఆ వంతెనని కోసేశారు. వాళ్ళమీద చేసిన పరిశోధనలకే రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా చేసిన ప్రయోగం ఒకటి కథకులందరూ తెలుసుకోవాలి. అలాంటి రోగికి ఎడమ అర్ధగోళానికి మాత్రమే కోడికాలు బొమ్మ, కుడి అర్ధగోళానికి మాత్రమే మంచు కురిసిన ఇల్లు చూపించి, వీటికి సరిపోయే బొమ్మలు ఏరమన్నారు. కుడిచెయ్యి కోడిని చూపించింది, ఎడమచెయ్యి పారని చూపించింది, మంచు ఎత్తిపోయడానికి. పార ఎందుకు అని అడిగితే, మాట్లాడగలిగే ఎడమ అర్ధగోళానికి మంచు సంగతే తెలియదు కదా, అయినా తడుముకోలేదు. కోళ్ళగూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలిగా అంది! తెలియలేదు అనలేదు. చెయ్యి చేసిన పనికి కథ కట్టి 'నేనే' అని సంతకం పెట్టేసింది. కాబట్టి నువ్వు అడగొచ్చు, వంతెన 20 కోట్ల పోగులంత వెడల్పుంటే, ఇద్దరు మనుషులకి కూడా ఒకే కథ కట్టేవాడు ఉండడా, రెండు శరీరాలకీ ఒకటే సంతకం పడదా అని. పడొచ్చు. నేను కాదనలేను. కానీ దానికి ఒకరి మాటలు ఒకరికి వినిపించడం చాలదు, ఒకరు చేసిన పని ఇంకొకరికి తను చేసినట్టే అనిపించాలి. మన చెయ్యి కదిలేముందే మెదడుకి దాని అంచనా ఉంటుంది, అందుకే మనకి మనం చక్కిలిగింతలు పెట్టుకోలేం. ఆ అంచనా లేకుండా వచ్చిందల్లా పరాయిదిగానే తగులుతుంది. అంటే ఒకళ్ళకొకళ్ళు చక్కిలిగింతలు పెట్టుకోలేనంతగా ఇద్దరు కలిసిపోయిన రోజున నువ్వు గెలిచినట్టు. నీ శాస్త్రవేత్త పాత్ర రెండు పేజీలు ఉపన్యాసమిచ్చాడే, ఆ రెండు పేజీలు కొట్టేసి ఆ స్థానంలో ఒకడు ఇంకొకడి నడుం గిల్లి చూస్తాడు, ఇద్దరూ నవ్వరు. చాలు, నాకు వెన్నులో చలి పుడుతుంది.

పూర్తిగా ఇంకొకరి క్రియ మనిషిలోకి రావడం మనకి కొత్తేం కాదు కూడా. లష్కర్ బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో రంగం, అమ్మవారు పూనినావిడ భవిష్యవాణి చెప్పేది, ఎప్పుడైనా చూశావా? పచ్చి కుండ మీద నిలబడి ఆవిడ 'నేను' అంటే ఆ నేను ఆవిడ కాదు, అమ్మవారు. వింటున్న జనమంతా ఆ సంగతి ఎరిగినవాళ్ళే, ఎవరికీ టెన్షన్ లేదు. దానికో రోజుంది, ఓ కుండ ఉంది, అయిపోయాక ఆవిడ ఆవిడగా ఇంటికెళ్తుంది. నీ కథలో తిరిగి ఇంటికెళ్ళే దారి లేదు, కావాలనే మూసేశావా, మర్చిపోయావా?

ఇంకొక్కటి. నీ కథ సగం నుంచి ఊరంతా 'మేము' అని మాట్లాడుతోంది. మేము అంటే వినేవాడు ఆ గుంపులో లేడనే అర్థం. ఊళ్ళో అందరూ కలిసిపోయాక ఆ వినేవాడెవడు? విజయవాడ వాడా? 'మనం' అన్నా చిక్కే, అందులో నువ్వూ నేనూ విడివిడిగా ఉంటేనే అది మనం అవుతుంది. నేను 1987లో ఇలాంటి కథే రాశాను, కవలపిల్లలు, ఇద్దరికీ 'నేను' పెట్టి, పేరాకొకళ్ళు చొప్పున. ఏ వారపత్రికో చెప్పను, ఎడిటర్ గారు ఎర్ర సిరాతో "ఎవరు ఎవరో నాకే తెలియలేదు, పాఠకులకేం తెలుస్తుంది" అని రాసి తిప్పి పంపారు. ఆయనకి ఆధునికత అర్థం కాలేదని ఏడాదిపాటు తిట్టుకున్నాను. మొన్న ట్రంకుపెట్టెలో దొరికితే చదివా. ఎవరు ఎవరో నాకూ తెలియలేదు.

కాబట్టి ఊరిని వదిలెయ్. ఇద్దర్ని తీసుకో, ఒక గది, ఒక వారం. కూకట్‌పల్లి హాస్టల్లో నీ గదిలో ముగ్గురుంటారన్నావు కదా, వాళ్ళలో ఒకడి కడుపునొప్పి నీకు రావడంతో మొదలుపెట్టు. అనుభవాలన్నీ తోకలేని వాక్యాల్లో రాయి, నొప్పెడుతోంది, దాహమేస్తోంది, ఎవరిదో చెప్పకు, చదివేవాడు తికమకపడనీ. పనులు మాత్రం ఎవరివి వాళ్ళకే ఇవ్వు. ఎవరు ముందు అబద్ధమాడతారో చూడు, టెలిపతి ఉన్న గదిలో అబద్ధం ఎలా ఆడతారో కనిపెట్టగలిగితే నీకు కథ దొరికినట్టే, అది నేను చెప్పలేను, నాకు చేతకాలేదు. సముద్రంలో కలిసిన నీటిబొట్టు పోలిక తీసెయ్, వెయ్యేళ్ళుగా అందరూ వాడి వాడి అరగదీశారు. చిప్ కంపెనీ పేరు కూడా అక్కర్లేదు. 2024లో న్యూరాలింక్ వాళ్ళు మొదటిసారి మనిషి తలలో పెట్టిన పరికరానికి టెలిపతి అనే పేరు పెట్టారు, దాంతో చెయ్యగలిగింది కంప్యూటర్ తెర మీద బాణంగుర్తు కదపడం. పేర్లదేముంది.

తిరగరాశాక ఫోన్లో పంపకు, వచ్చే ఆదివారం నువ్వే పట్టుకురా, ఇక్కడే భోంచేద్దువు గాని. నల్లకుంట కూరగాయల మార్కెట్ దగ్గర దిగి ఫోన్ చెయ్, మావారు ఎదురొస్తారు. అక్క కూడా వస్తోంది, పదిరోజులుంటుంది. నా ముక్కు నాలుగు నెలలకి తిరిగొచ్చింది గానీ మునుపటంత లేదు, కొన్ని వాసనలు అసలు తెలియట్లేదు, ఆ సంగతి అక్కకి ఇంకా చెప్పలేదు. పప్పుచారు ఆవిడే పెడతానంది. వడ్డించేటప్పుడు నీ ముఖం వంకే చూస్తుంది, కంగారుపడకు.

ఆశీస్సులతో,
మీ మేడమ్
(ఆంటీ అన్నా పర్లేదు)